క్లోమాన్ని గడ్డకట్టించి దాచవచ్చునా?



కిందటిసారి ఎండాకాలంలో ఒరుగులు, వడియాలు, చల్ల మిరపకాయలు పెట్టుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పుకున్నాం. ఆ ప్రసంగం విని చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో ఒకటి మా దేవరకొండ పక్కనున్న పల్లె నుంచి వచ్చింది. తన పేరు చెప్పవద్దని రాసినామె కోరింది. ఆమె కొడుకుకు తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా చక్కెర జబ్బు. రోజుకు నాలుగు సూదులు. "కూరగాయల సంగతి బాగనే చెప్పినవు అక్కా. నేనొకటి అడుగుత. జంతువుల క్లోమం గడ్డకట్టించి దాచి, తర్వాత కరిగించి ఇంకో జంతువుకు పెడితే షుగరు పోయిందని పేపర్ల చదివిన. అట్లనే మనుషులకు చేస్తమని ఒక ఆస్పత్రోళ్ళు కాగితాలు పంచుతున్నరు. ఎకరం అమ్ముదామని మా ఇంటాయన అంటున్నడు. అది నిజమేనా?" అని అడిగింది.

ఒక్క మాటలో అవునని గాని కాదని గాని చెప్పడానికి వీల్లేదు. జంతువుల సంగతి నిజం. కాగితం సంగతి వేరు. ఆ రెంటికీ మధ్య దూరం ఎంతో తెలిస్తే ఎకరం గురించి ఆలోచించడం తేలికవుతుంది. అందుకని ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం. వినడానికి పెద్ద శాస్త్రంలా ఉన్నా, మన వంటింట్లో తెలిసిన విషయాలతోనే చాలావరకు అర్థమవుతుంది.

ముందు క్లోమమంటే ఏమిటి? పొట్ట వెనక అడ్డంగా పడుకొని ఉండే మెత్తటి గ్రంథి. జానెడు కంటే కాస్త తక్కువ పొడవు, 80 నుంచి 100 గ్రాముల బరువు. తిన్నది అరగడానికి కావలసిన రసం చేయడం దాని పెద్ద పని. ఆ గ్రంథిలో అక్కడక్కడ చిన్న చిన్న ఉండలు ఉంటాయి. 1869లో జర్మనీలో లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి వాటిని సూక్ష్మదర్శినిలో చూసి రాశాడు. అవి ఏం చేస్తాయో అప్పటికి ఆయనకు తెలియదు. ఆయన పేరుమీదనే వాటిని లాంగర్‌హాన్స్ పుటికలు అంటున్నాం. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో కూడా ఈ మాటే ఉంటుంది. ఒక మనిషి క్లోమంలో ఇవి దాదాపు 10 లక్షలు. అన్నీ కలిపి తూచినా ఒకటి రెండు గ్రాములే. అంటే పోపులో వేసే చిటికెడు ఆవాలంత. ఒక్కొక్క పుటిక గసగసాల గింజలో అయిదో వంతు ఉండదు. ఇన్సులిన్ తయారయ్యేది ఈ చిటికెడులోనే.

పెద్దవాళ్ళలో మనం ఎక్కువగా చూసే షుగరులో పుటికలు ఉంటాయి, పని మందగిస్తుంది; ఒళ్ళు కూడా ఇన్సులిన్ మాట సరిగా వినదు. పిల్లల్లో వచ్చే మొదటి రకం వేరు. మన ఒంట్లో జబ్బులతో పోరాడవలసిన కాపలా కణాలే పొరబడి ఇన్సులిన్ చేసే కణాలను చంపేస్తాయి. తల్లి ఏదో పెట్టినందువల్లో, తీపి ఎక్కువ తిన్నందువల్లో వచ్చే జబ్బు కాదిది. ఈ మాట అత్తగార్లు, ఆడపడుచులు కూడా వినాలని నా కోరిక. ఎందుకంటే బిడ్డకు ఈ జబ్బు వచ్చిన ఇంట్లో మొదటి నింద కోడలి మీదే పడుతుంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ముఖ్యంగా ఈ మొదటి రకం గురించే. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే తేల్చింది. అందులో చాలా ఎక్కువ మందిది రెండో రకమే.

పాడైన వస్తువు తీసి మంచిది పెడితే సరిపోదా అన్న ఆలోచన పాతదే. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫన్ మేరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్కకు క్లోమం తీసివేస్తే దానికి చక్కెర జబ్బు వచ్చింది. జబ్బు మూలం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. నాలుగేళ్ళకు, 1893లో, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియమ్స్ అనే డాక్టరు, చావుబతుకుల్లో ఉన్న పదిహేనేళ్ళ కుర్రవాడికి అప్పుడే కోసిన గొర్రె క్లోమం ముక్కలు చర్మం కింద పెట్టి చూశాడు. కుర్రవాడు మూడు రోజులకే పోయాడు. అప్పటికి ఇన్సులిన్ లేదు. ఆ తల్లిదండ్రులకు ఇంకో దారీ లేదు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో పద్నాలుగేళ్ళ పిల్లవాడికి మొదటిసారి ఇన్సులిన్ సూది ఇచ్చారు. అప్పటినుంచి ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతుకుతున్నారు, పెద్దవాళ్ళవుతున్నారు, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. ఇంత మేలు చేసిన మందు మరొకటి అరుదు. అయినా సూది సూదే. పుటిక అయితే రక్తంలో చక్కెర చూసుకొని నిమిష నిమిషానికి ఎంత కావాలో అంతే పోస్తుంది. సూది మందుకు ఆ తెలివి లేదు. ఆ తెలివి తల్లి చూపించాలి.

1972లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో బాలింజర్, లేసీ అనే శాస్త్రజ్ఞులు ఎలుకల క్లోమం నుంచి పుటికలను విడదీసి, చక్కెర జబ్బు ఉన్న వేరే ఎలుకలకు ఇచ్చారు. చక్కెర తగ్గింది. మొత్తం గ్రంథి అక్కరలేదు, ఆ చిటికెడు చాలునని రుజువైంది.

అక్కడే పేచీ మొదలైంది. విడదీసిన పుటికలు బయట ఎంతసేపు బతుకుతాయి? తగిన ద్రవంలో పెడితే ఒకటి రెండు రోజులు, మహా అంటే కొన్ని రోజులు. దాత ఎప్పుడు చనిపోతాడో, ఎక్కడ చనిపోతాడో ఎవరికి తెలుసు? పుచ్చుకోవలసిన మనిషి ఆ సమయానికి వేరే ఊళ్ళో ఉండవచ్చు, జ్వరంతో ఉండవచ్చు. పైగా విడదీసేటప్పుడు సగానికి సగం పుటికలు నష్టపోతాయి. అందుకని తరచు ఒక మనిషికి ఇద్దరు దాతల పుటికలు కావలసి వస్తాయి. ఇద్దరు దాతలు ఒకే రోజున దొరకడం కల్ల. ఒక్క గేదె పాలు పెళ్ళికి చాలవు, నాలుగిళ్ళ పాలు పోగుచేయాలి. పోగు చేయాలంటే విరగకుండా దాచాలి. క్లోమాన్ని గడ్డకట్టించి దాచాలనే పట్టుదల వెనక ఉన్న కారణం ఇదే. దాచగలిగితే పుటికలకు అంటురోగాలేమైనా ఉన్నాయేమో పరీక్షించడానికీ, పుచ్చుకునేవారికి సరిపోతాయో లేదో చూడడానికీ తీరిక దొరుకుతుంది.

సరే, ఫ్రిజ్‌లో పైన ఐసు అరలో పెడితే చాలదా? మీరే ఒక టమాటాను అందులో ఒక రాత్రి ఉంచి, మర్నాడు బయట పెట్టి చూడండి. తోలు తిత్తిలా మెత్తబడి నీరు కారిపోతుంది. సీతాఫలం గుజ్జయితే పరవాలేదు గాని, కాయ పెడితే పనికిరాదు. పండంతా కంటికి కనిపించని చిన్న చిన్న గదులు. ఒక్కో గది నిండా నీరు. ఆ నీరు గడ్డకడితే సూదుల్లాంటి పలుకులు కడుతుంది, గోడలు చిరిగిపోతాయి. జంతువు కణమైనా అంతే. చలి కంటే, చలికి కట్టే మంచు పలుకే ఎక్కువ చేటు.

మన నిలవ పద్ధతులన్నీ నీటితో పంచాయితీయే. ఒరుగులు ఎండబెట్టడం నీరు తీసెయ్యడానికే. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి ఊట దిగుతుంది. ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగిందన్నమాట. ప్రయోగశాలలో కణాన్ని నెమ్మదిగా చల్లబరిస్తే సరిగా ఇదే జరుగుతుంది. మంచు మొదట కణం బయట కడుతుంది. అక్కడి నీరు మంచుగా మారిపోయేసరికి మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడుతుంది. ఆ ఉప్పు కణంలోని నీటిని బయటికి లాగుతుంది. లోపల నీరు తగ్గిపోయింది గనుక లోపల పలుకు కట్టదు. అయితే ఎంత నెమ్మది? మరీ నెమ్మదైతే కణం ఆ ముదురు ఉప్పులో ఎక్కువ సేపు నాని ముడుచుకొని చస్తుంది. మరీ త్వరపడితే నీరు బయటికి వచ్చే వ్యవధి లేక లోపలే పలుకు కడుతుంది. ఈ రెండు గండాల మధ్య సన్నని దారి ఉందని 1972లో పీటర్ మేజర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు లెక్కగట్టి చూపించారు. ఆయన టెనెసీ రాష్ట్రంలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో పనిచేసేవాడు. అదే ఏడాది ఎలుక పిండాలను గడ్డకట్టించి, కరిగించి, తల్లి ఎలుకల కడుపులో పెడితే బతికిన పిల్లలు పుట్టాయి.

దీనికి ముందే ఇంకో ఉపాయం దొరికి ఉంది, అదీ పొరపాటున. 1949లో లండన్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు కోడిపుంజు వీర్యాన్ని చక్కెర నీళ్ళలో గడ్డకట్టించాలని చూస్తుండగా, ఒక సీసా మాత్రం మంచి ఫలితమిచ్చింది. తీరా పరీక్షిస్తే ఆ సీసా మీద చీటీ తప్పు. అందులో ఉన్నది గ్లిసరిన్. చలికాలంలో పెదవులకు రాసుకుంటామే, అదే గ్లిసరిన్. నీటిలో కలిసిపోయి మంచు పలుకులు సులువుగా కట్టనివ్వదు. తర్వాత డి.ఎం.ఎస్.ఓ. అనే ఇంకో ద్రవం వచ్చింది. కణాల్లోకి త్వరగా ఇంకుతుంది కాబట్టి క్లోమానికి ఎక్కువగా దాన్నే వాడారు.

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు సుమా. దేవరకొండ చుట్టుపక్కల తండాలకు మోటారు సైకిలు మీద వచ్చే గోపాలమిత్రను చూసే ఉంటారు. వెనక ఒక క్యాను కట్టుకొని వస్తాడు. మూత తీస్తే తెల్లటి పొగ. అందులో ఉండేది ద్రవ నత్రజని, సున్నాకు దిగువ 196 డిగ్రీల చలి. మన ఇంటి ఐసు అర సున్నాకు దిగువ 18 దగ్గరే ఆగిపోతుంది. 18 దగ్గర మార్పులు మందగిస్తాయి గాని ఆగవు. అందుకే నెలల తరబడి పెట్టిన బఠాణీ రుచి మారుతుంది. 196 దగ్గర కణంలో ఏ మార్పూ జరగదన్నా తప్పులేదు. కరీంనగర్ కేంద్రంలో సన్నటి గొట్టాల్లో నింపి గడ్డకట్టించిన ఎద్దు వీర్యం అక్కడినుంచి పల్లె దాకా వచ్చి, మన కొట్టంలో ఆవు చూలు కట్టేది ఆ చలి చలవే. హైదరాబాదు అత్తాపూర్‌లో సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది. అంతరించిపోతున్న అడవి జంతువుల కణాలను, కణజాలాన్ని అక్కడ ఇదే పద్ధతిలో దాచిపెడుతున్నారు.

మరి వీర్యం దాచగలిగినవాళ్ళకు క్లోమం దాచడం ఎందుకు కష్టమైంది? వీర్యకణం ఒంటరిది. పుటిక అలా కాదు, వెయ్యి రెండు వేల కణాలు అంటుకొని ఉన్న ఉండ. అంచున ఉన్నవాటికి మందు త్వరగా అందుతుంది, నడిమధ్య ఉన్నవాటికి ఆలస్యం. ముక్క కోసి వేసిన మామిడి వారంలో ఊరుతుంది. కాయ పళంగా ఉప్పునీళ్ళలో వేస్తే నెల పడుతుంది. పైగా పుటికలు కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. చిన్నదానికి సరిపోయిన వేగం పెద్దదానికి సరిపోదు. ఎదిగిన క్లోమంతో ఇంకో తంటా కూడా ఉంది. ఆహారాన్ని అరిగించే రసం దానిలోనే ఉంది కదా, ప్రాణం పోగానే తనను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది.

అందుకని మేజర్ బృందం ఎలుక గర్భంలోని పిండాల క్లోమాన్ని ఎంచుకుంది. పిండంలో అరుగుదల రసం ఇంకా పెద్దగా తయారుకాదు, ఇన్సులిన్ చేసే కణాలు మాత్రం వచ్చి ఉంటాయి. 1976లో వారు ఆ చిన్న క్లోమాలను డి.ఎం.ఎస్.ఓ.లో ఉంచి, నెమ్మదిగా చల్లార్చి, సున్నాకు దిగువ 78 డిగ్రీలకూ, 196 డిగ్రీలకూ గడ్డకట్టించి, మళ్ళీ కరిగించారు. కరిగిన క్లోమాలు చచ్చినవాటిలా పడి ఉండక ప్రొటీను తయారుచేయడం మొదలుపెట్టాయి. ఆ మరుసటి ఏడు, 196 డిగ్రీల నుంచి తిరిగి వచ్చిన క్లోమాలతో ఎలుకల చక్కెర జబ్బు తిరగబడిందని అదే బృందం ప్రకటించింది. మన ఉత్తరంలోని "జంతువుల సంగతి"కి మూలం ఇదీ.

తగ్గిందని ఎలా నమ్మేది అని మీరడగవచ్చు. నేనూ అడిగేదాన్నే. ఇలాంటి ప్రయోగాల్లో మొదట ఎలుకకు ఒక మందు ఇచ్చి దాని సొంత ఇన్సులిన్ కణాలను చంపుతారు. చక్కెర పెరుగుతుంది. అప్పుడు పుటికలను తరచుగా మూత్రపిండం పైపొర కింద అమరుస్తారు. చక్కెర మామూలుకు వస్తుంది. కొన్ని వారాల తర్వాత పుటికలున్న ఆ మూత్రపిండాన్ని తీసేస్తారు. రెండోది ఉంటుంది కనుక ఎలుక బతుకుతుంది. చక్కెర మళ్ళీ పెరిగితే, ఇంతకాలం అదుపు చేసింది అమర్చిన పుటికలేనని ఖాయం. ఆ ఎలుకలను తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది, దాచడమెందుకు. కాని ఇన్సులిన్ కూడా కుక్కల ప్రాణాల మీదుగానే మన ఇంటికి వచ్చింది.

అదే రోజుల్లో కెనడాలోని ఎడ్మంటన్‌లో రే రాజాట్ అనే ఆయన ఎదిగిన ఎలుకల పుటికలను గడ్డకట్టించే పనిలో ఉన్నాడు. ఇంజనీరింగు వైపు నుంచి వైద్యానికి వచ్చిన మనిషి. పనిలో ఆ ఓపిక కనిపిస్తుంది. ఆయన పద్ధతి వింటే పాకం పట్టడంలా ఉంటుంది. డి.ఎం.ఎస్.ఓ.ని ఒకేసారి పోయకుండా విడతలు విడతలుగా పోయాలి. సున్నాకు దిగువ ఏడున్నర డిగ్రీల దగ్గర కొద్దిగా మంచు కట్టించాలి. అక్కడినుంచి నిమిషానికి పావు డిగ్రీ చొప్పున, అంటే ఒక డిగ్రీ తగ్గడానికి నాలుగు నిమిషాలు, 40 డిగ్రీల దాకా దించాలి. ఆ తర్వాత ద్రవ నత్రజనిలో ముంచేయాలి. కరిగించేటప్పుడు మాత్రం అంతా తొందరే, నిమిషానికి 200 డిగ్రీల వేగం. ఎందుకంటారా? కరెంటు పోయి వచ్చిన తర్వాత ఐస్‌క్రీం తిని చూడండి, పళ్ళ కింద కరకరమంటుంది. సగం కరిగి మళ్ళీ గట్టిపడేటప్పుడు చిన్న పలుకులు కలిసి పెద్దవవుతాయి. నెమ్మదిగా కరిగే కణంలోనూ అదే అవుతుంది. అందుకని ఆ మధ్య దశను ఒక్క ఊపున దాటించాలి.

ఈ పద్ధతి ఎలుకల నుంచి కుక్కలకు, కుక్కల నుంచి మనుషులకు వచ్చింది. 1989లో ఎడ్మంటన్‌లో గడ్డకట్టించి దాచిన పుటికలను తాజావాటితో కలిపి మనిషికి ఎక్కించారు. అయితే కరిగించిన ప్రతిసారీ కొంత నష్టం. బతికినవి కూడా కొన్ని నీరసించేవి. చివరకు అదే ఎడ్మంటన్‌లో 2000లో షపీరో బృందం ఏడుగురు రోగులను సూది నుంచి తప్పించి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నప్పుడు, వాడినవి అప్పటికప్పుడు తీసిన తాజా పుటికలే. గడ్డకట్టించే విద్య కొన్నేళ్ళు వెనకబడిపోయింది.

దాన్ని మళ్ళీ ముందుకు తెచ్చింది 2022లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం. ఎరిక్ ఫింగర్ అనే శస్త్రవైద్యుడు, జాన్ బిషాఫ్ అనే ఇంజనీరు, వారి బృందం అసలు మంచే కట్టకుండా చల్లబరిచే దారి పట్టారు. ఇది మిఠాయి చేసేవారికి బాగా తెలుస్తుంది. చక్కెర పాకాన్ని దారం వేలాడదీసి తీరిగ్గా వదిలేస్తే పటికబెల్లం పలుకులు కడుతుంది. ముదురు పాకాన్ని చల్లటి రాతి మీద గబుక్కున పోస్తే పలుకు కట్టదు, గాజులా పారదర్శకంగా గట్టిపడుతుంది. జామూన్ల పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే పలుకు కట్టదని మన అమ్మమ్మలకు తెలుసు. కణాలకు పట్టించే మందు చేసే పని కూడా అలాంటిదే. నీటిని గాజులా గట్టిపరచాలంటే మెరుపు వేగం కావాలి. ద్రవం ఎంత ఎక్కువ ఉంటే చల్లబడడం అంత ఆలస్యం. అందుకని వారు పుటికలను సన్నని నైలాను జల్లెడ మీద పోసి, ద్రవాన్ని కిందకు లాగేసి, జల్లెడతో సహా ద్రవ నత్రజనిలో ముంచారు. బియ్యం కడిగి నీరు వంపేసినట్టే. నిమిషానికి వేల డిగ్రీల వేగం దొరికింది. వేడిచేయడం కూడా అంతే, జల్లెడను తీసి వెచ్చటి ద్రవంలో ముంచడమే.

తొమ్మిది నెలలు దాచి తీసినా పుటికలు నూటికి దాదాపు 90 వంతు బాగున్నాయి. ఎలుకవే కాదు, పందివీ, మనిషివీ పరీక్షించి చూశారు. జబ్బు ఉన్న ఎలుకలకు ఎలుక పుటికలు అమరిస్తే, పదింటిలో తొమ్మిదింటికి ఒకటి రెండు రోజుల్లోనే చక్కెర అదుపులోకి వచ్చింది. నా మటుకు నాకు ఈ జల్లెడ ఉపాయం ఎంతో ముచ్చటగా తోచింది. అర్ధ శతాబ్దం నాటి ముడి ఒక వంటింటి పనిముట్టు లాంటి దానితో వదులైంది.

ఇక ఎకరం దగ్గరికి వద్దాం. ఎలుకకూ ఆ తొమ్మిదేళ్ళ పిల్లవాడికీ మధ్య ఏముంది?

మొదటిది లెక్క. ఎలుకకు కొన్ని వందల పుటికలు చాలు. మనిషికి ఒంటి బరువులో కిలోకు 10 వేలకు పైగా కావాలి. పాతిక కిలోల పిల్లవాడికి రెండున్నర లక్షలు. జల్లెడ ఎంత పెద్దదైనా, ముందు ఆ పుటికలు ఇచ్చే దాతలు ఉండాలి. మన రాష్ట్రంలో నిమ్స్ నుంచి నడిచే జీవన్‌దాన్ ద్వారా మూత్రపిండాలకూ, కాలేయానికీ ఎంతమంది ఎదురుచూస్తున్నారో మీకు తెలిసిందే.

రెండోది అంతకంటే గట్టిది. ప్రయోగశాల ఎలుకలు తరతరాలుగా ఒకే వంశంలో పెంచినవి; ఒకదానికొకటి కవల పిల్లల్లాంటివి. అందుకే ఒకదాని పుటికను ఇంకోదాని ఒళ్ళు తనదే అనుకుంటుంది. మనుషుల్లో అలా కాదు. పరాయి పుటిక రాగానే ఒళ్ళు దాన్ని తరిమేస్తుంది. తరమకుండా ఉండాలంటే రోజూ రోగనిరోధక శక్తిని అణచే మందులు వేయాలి, పుటికలు పనిచేసినన్నాళ్ళూ. ఆ మందులతో అంటురోగాలు పట్టుకుంటాయి, మూత్రపిండాలకూ ముప్పే. సూదితో ఆడుతూ పాడుతూ బడికి వెళ్ళే పిల్లవాడికి ఆ మందులు మొదలుపెట్టడమంటే ఒక కష్టం తీసి ఇంకోటి నెత్తిన పెట్టడం. గడ్డకట్టించడం వల్ల ఈ చిక్కు తీరదు. దాచడం వేరు, ఇముడ్చుకోవడం వేరు.

అమెరికాలో 2023 జూన్‌లో దాత పుటికల వైద్యాన్ని ప్రభుత్వం ఆమోదించింది. అదీ పెద్దవాళ్ళకు, అందులోనూ ఎంత జాగ్రత్తగా ఉన్నా చక్కెర పదే పదే ప్రమాదకరంగా పడిపోయేవాళ్ళకు మాత్రమే. 2025లో మూలకణాల నుంచి పెంచిన పుటికలను పూర్తి మోతాదులో పుచ్చుకున్న పన్నెండు మందిలో పదిమంది ఏడాది తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారని వార్త వచ్చింది. దాతల కొరతకు అది జవాబు కావచ్చు. అలా పెంచిన పుటికలను దేశదేశాలకు పంపాలంటే దాచే విద్య ఇంకా అవసరపడుతుంది. వారికి కూడా అణచే మందులు తప్పలేదు.

మన హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో చేసిన వైద్యం ఒకటుంది, దాన్ని దీనితో కలపవద్దు. దీర్ఘకాలం క్లోమం వాచి, భరించలేని నొప్పితో బాధపడేవారికి ఆ గ్రంథిని తీసేసి, అందులోని పుటికలను విడదీసి వారికే కాలేయంలోకి ఎక్కిస్తారు. సొంత పుటికలు కనుక ఒళ్ళు తరమదు. కాని మొదటి రకం షుగరు పిల్లలకు తిరిగి ఇవ్వడానికి సొంత పుటికల్లో ఇన్సులిన్ కణాలే మిగలవు. ఈ తేడా చెప్పకుండా "హైదరాబాదులోనే చేస్తున్నారు" అని కాగితం వేస్తే జనం నమ్ముతారు మరి.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో మూలకణాల గురించి నియమాలు ప్రకటించింది. కొన్ని రక్త సంబంధమైన జబ్బులకు తప్ప, మూలకణ వైద్యం ఏదైనా ప్రయోగం కిందే లెక్క. ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మన దేశంలో మనుషుల మీద వైద్య ప్రయోగం ఏది చేయాలన్నా 2009 నుంచి ప్రభుత్వ రిజిస్టరులో ముందుగా నమోదు చేయాలి. దాన్ని సి.టి.ఆర్.ఐ. అంటారు. నమోదైన ప్రతి ప్రయోగానికీ ఒక నంబరు ఉంటుంది. కంప్యూటరులో ఎవరైనా చూసుకోవచ్చు, బడికి వెళ్ళే పిల్లలు చూసి పెడతారు. కాబట్టి ఆ ఆస్పత్రివాళ్ళను నంబరు అడగండి. పుటికలు ఏ దాతవి, ఎన్ని, తర్వాత ఏ మందులు ఎన్నాళ్ళు వేయాలి అని అడగండి. ఎకరం ధర వాళ్ళే ముందు అడిగారంటే నంబరు ఉండదనే నా అనుమానం. అన్నిటికంటే ముఖ్యం, ఎవరు ఏం చెప్పినా ఇన్సులిన్ ఆపవద్దు. మొదటి రకం పిల్లలకు రెండు మూడు రోజులు ఆపినా ప్రాణం మీదికి వస్తుంది.

ఆ ఇన్సులిన్ దాచుకోవడం గురించి కూడా రెండు మాటలు చెప్పి ముగిస్తాను. మందు చల్లగా ఉండాలన్నారు కదా అని కొందరు ఐసు అరలో పెడుతున్నారు. పెట్టకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తర్వాత చూడడానికి మామూలుగానే ఉండవచ్చు, దాని బలం మాత్రం నమ్మడానికి లేదు, పారేయవలసిందే. ఫ్రిజ్‌లో కింది అరలో, వెనక గోడకు తగలకుండా పెట్టాలి. కొందరు తలుపు అరలో పెడతారు, మాటిమాటికీ తలుపు తెరిచే ఇళ్ళలో అక్కడ చలి నిలవదు. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు ఉంటే బయట సుమారు నాలుగు వారాలు ఆగుతుంది, కాని మా దేవరకొండ ఎండకు మే నెలలో ఇంట్లో 30 ఎక్కడిది? ఫ్రిజ్ లేనివారు పెద్ద మట్టికుండలో చిన్న కుండ పెట్టి, రెంటి మధ్య ఇసుక పోసి, ఇసుకను పొద్దున సాయంత్రం తడపండి. సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపలి కుండలో ఉంచి, తడిగుడ్డ కప్పండి. గాలి ఆడే నీడలో పెట్టాలి. హైదరాబాదు నుంచి మందు తెచ్చుకునేటప్పుడు వంద కిలోమీటర్ల పైన బస్సు ప్రయాణం. ఐసు ముక్కలతో తెచ్చేవారు సీసాను ముందు మందపాటి తువ్వాలులో చుట్టి, ఆ తర్వాతే ఐసు సంచి పక్కన పెట్టండి. సీసాకు ఐసు నేరుగా తగలకూడదు.